ఎనిమిదో పాట కోసం గోదావరి దాటి

మా కర్నూలు నుంచి ఎవరు గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చినా నెల్లాళ్ళపాటు తిండి గురించే మాట్లాడతారు. నేనూ మాట్లాడతాను. కాకపోతే ఈ ప్రయాణంలో నేను తిన్న ప్రతి ముద్దా గొంతులో సగం దూరం దిగి, మిగతా సగం దిగాలా వద్దా అని ఆగి ఆలోచించింది. అందుకు కారణం మా మేనకోడలు హైమ.

హైమ మెటల్ సంగీతం పాడుతుంది. మెటల్ అంటే తెలియని అదృష్టవంతులకు ఒక మాట. కొన్ని గిటార్లు, ఒక డ్రమ్ముల గుట్ట, వాటి మధ్య నిలబడి ఒక మనిషి పాతాళంలోంచి గర్జించడం. హైమ గర్జిస్తే మా వీధిలో ఆపి ఉన్న స్కూటర్లు వాటంతటవే స్టార్టవుతాయి. అదే హైమ మరుక్షణం గొంతు విప్పి రాగం తీస్తే ఆ స్కూటర్లు సిగ్గుపడి ఆగిపోతాయి. ఎందుకంటే వాళ్ళ నాన్న రామచంద్రపురంలో బ్యాంకులో పనిచేసిన రోజుల్లో, పలక పట్టిన వయసు నుంచి కాలేజీ దాటేదాకా, రాజ్యలక్ష్మి గారనే టీచరు దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకుంది.

తర్వాత బెంగళూరు వెళ్ళింది, ఒక బ్యాండులో చేరింది, దేశమంతా తిరిగి గర్జించింది. చివరికి ఆ బ్యాండువాళ్ళు "గర్జనలు చాలు, ఆ సాగదీసే రాగాలు ఎవరిక్కావాలి" అన్నారు. ఆ రోజే బయటికొచ్చేసి, సొంతంగా ఎనిమిది పాటల ఆల్బమ్ చేసుకుంది. పేరు 'రేవతి'. ఎనిమిదో పాట రాజ్యలక్ష్మి గారు రేవతి రాగంలో స్వయంగా కట్టిన కీర్తన. పల్లవి, అనుపల్లవి నేర్పినట్టే పాడి, చరణంలో గిటార్లు తెచ్చి గర్జించింది. ఆల్బమ్‌కి ప్రాణం ఆ పాటే. కానీ పాట టీచరుది కాబట్టి ఆవిడ ఒప్పుకోవాలి. ఫోన్లో ఎప్పుడడిగినా ఆవిడది ఒకటే మాట: "ముందు ఓసారి రామ్మా, చూద్దాం."

ఆల్బమ్ ఆదివారం విడుదల. హైదరాబాదులో దాన్ని ఇంటర్నెట్‌లోకి పంపే కిరణ్ అనే కుర్రాడు గడువు పెట్టేశాడు. పాటలు ఎనిమిదా, ఏడా అన్నది శనివారం సాయంత్రం ఆరులోపల చెప్పాలి. ఆ తర్వాత అది లోకం మీద పడిపోతుంది, వెనక్కి రాదు.

"గురువుగార్ని ఒక మాట అడగాలంటే పెద్దవాళ్ళు ఎవరైనా వెంట ఉండాలి. నువ్వెళ్ళు" అంది మా అక్క నాతో. నన్ను పెద్దవాళ్ళలో కలపడం చరిత్రలో అదే మొదటిసారి. జుట్టుకు రంగేసుకుని బయల్దేరాను.

రాజమహేంద్రవరం

శుక్రవారం పొద్దున్నే రైలు గోదావరి వంతెన ఎక్కింది. వరద మొదలైన రోజులు, నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. మా ఊళ్ళో వేసవిలో ట్యాంకరు వస్తే పెళ్ళివారు వచ్చినట్టు బిందెలతో ఎదురెళ్తాం. ఇక్కడ వంతెన ఒక చివర ఎక్కినవాడు రెండో చివరకు చేరేసరికి గడ్డం పెరిగిపోయేలా ఉంది నది. పెట్టెలోవాళ్ళు కిటికీల్లోంచి చిల్లర విసిరి దణ్ణాలు పెట్టారు. హైమ ఏమీ విసరలేదు. గొంతుకు మఫ్లరు చుట్టుకుని, పెదాలు కదుపుతూ చరణం వల్లించుకుంటోంది.

లాడ్జిలో గుమాస్తా ఆధార్ కార్డులు చూస్తూ, "ఏం పని మీద వచ్చారండి?" అన్నాడు.

"మా అమ్మాయి పాడుతుంది. మెటల్" అన్నాను.

అతని మొహంలో జాలి పొంగింది. "అయ్యో. ఎప్పట్నుంచండి?"

"చాలా ఏళ్ళయింది."

"మా పిన్నిగారబ్బాయికీ ఇంతేనండి. మందులు మానకుండా వాడితే మెంటల్ చాలావరకు సర్దుకుంటుందండి. కంగారుపడకండి." అని మాకు కిటికీలకు గట్టి ఊచలున్న గది ఇచ్చాడు.

హైమ బాత్రూములో గొంతుకు ఆవిరి పట్టుకుంటుంటే, పెద్దవాణ్ణి కదా, ఏదైనా పెద్ద పని చేద్దామనిపించి టీచరుగారింటికి ఫోను కలిపాను. ఆవిడ తమ్ముడు సత్యం గారు ఎత్తారు. గొంతులో వెన్న ఉంది.

"హైమ మేనమామనండి. మెటల్ ఆదివారం రిలీజవుతుందండి."

"ఆయ్."

"మీ అక్కగారి పేరు ముందుంటుందండి."

"ఆయ్."

"అక్కగారికేం అభ్యంతరం లేదు కదండీ?"

"ఆయ్. రేపు సామర్లకోట భీమేశ్వరుడి గుళ్ళో పాడ్డానికి వెళ్తుందండి. శనివారం శనివారం వెళ్తుంది. మీరు మా ఇంటికొచ్చి భోంచేసి వెళ్ళాలి మరి."

ఇంత సులువుగా తేలుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. హైమ తువ్వాలుతో బయటికి రాగానే, "ఒప్పేసుకున్నారు" అన్నాను.

హైమ మంచం మీద కూలబడింది. "నిజంగా మావయ్యా? ఆవిడే అన్నారా?"

"ఇంట్లోవాళ్ళే అన్నారు. భోజనానికి కూడా రమ్మన్నారు."

వెంటనే కిరణ్‌కి 'ఎనిమిది' అని మెసేజ్ పెట్టింది. ఆ సంతోషంలో బజార్లో నాకు రోజ్ మిల్క్ తాగించింది. గ్లాసు పాతిక రూపాయలు. మా ఊళ్ళో పాతికకు టీ వస్తుంది, దానితోపాటు టీకొట్టు యజమాని రాజకీయాభిప్రాయాలు ఉచితం. ఇక్కడ అంత చిక్కటి పాలిచ్చి, తాగాక "బాగుందాండి?" అని అడుగుతారు. బాగాలేదంటే ఏడుస్తారేమోనని భయపడి ఇంకోటి తాగాను.

సామర్లకోట దాకా ఒక్క మాట మీద

శనివారం ఉప్మా పెసరట్టు తిని, టీచరుగారిని గుళ్ళోనే కలుద్దామని ప్యాసింజరెక్కాం. పెసరట్టు ఎంతుందంటే, చలేస్తే కప్పుకోవచ్చు. దాంతో నాకు నోరూరడమే కాదు, నోరు కూడా లేచింది. ఎదురు సీట్లో ఇన్సూరెన్సు ఏజెంటొకాయన, పక్కన ఖాళీ చేపల బుట్టతో ఒకామె. వాళ్ళకు మా కథంతా చెప్పాను. చెప్పి, "నేను అడగడం, వాళ్ళు ఆయ్ అనడం, పని అయిపోవడం" అని ముగించాను.

హైమ కిటికీలోంచి తల తిప్పింది. "ఏమన్నారు?"

"ఆయ్ అన్నారు."

"ఇంకేమన్నారు?"

"మళ్ళీ ఆయ్ అన్నారు."

"ఔనన్నారా?"

"ఆయ్ అంటే ఔననే కదా?"

ఏజెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీదేవూరండి?"

"కర్నూలు."

"అదీ సంగతి. ఆయ్ అంటే ఔనని కాదండి."

"కాదనా?"

"కాదనీ కాదండి. మీరు మాట్లాడుతున్నారు, నేను వింటున్నాను, అని. నేను పాలసీ గురించి చెప్తే ఈ జిల్లాలో ప్రతివాళ్ళూ ఆయ్ అంటారండి. ఆయ్ అన్నవాళ్ళంతా పాలసీ కట్టుంటే నేను ఈ ప్యాసింజర్లో ఎందుకుంటానండి?"

చేపలామె నవ్వింది. "మా ఆయన్ని తాగడం మానెయ్యమంటే ఆయ్ అంటాడు బాబూ. పెళ్ళయిన కాడ్నుంచీ అంటన్నాడు."

నేనూ నవ్వబోయాను. హైమ మొహం చూసి ఆ నవ్వును పెసరట్టు మీదకు దింపేసుకున్నాను. అప్పటికే తను కిరణ్‌కి 'ఆగు' అని కొడుతోంది. వెంటనే జవాబొచ్చింది. అంతా సిద్ధం చేసేశానని, ఆరు దాకా ఆగగలనని, తర్వాత తన చేతిలో ఉండదని.

"పోనీ ఇప్పుడే ఏడు అని చెప్పెయ్, గొడవే లేదు" అన్నాను.

హైమ ఫోను ఒళ్ళో బోర్లించింది. తర్వాత మెల్లగా అంది. "బ్యాండులో చేరేటప్పుడు ఆవిడ్ని అడగలేదు మావయ్యా. పేపర్లో ఫోటో పడితే చూసి తెలుసుకున్నారు. ఒక్క మాటనలేదు. ఈ ఒక్కటీ అడిగి చేద్దామనుకున్నాను. ఆవిడ వద్దంటే తీసేస్తాను, ఏడుస్తాను, అయిపోతుంది. అడక్కుండా తీసేస్తే భయపడినట్టు. ఆవిడకి తెలీకుండా బయటికెళ్తే ఇంక ఆ గుమ్మం నాకు లేనట్టే."

కర్నూల్లో మేం ఔనంటే ఔనంటాం, కాదంటే పక్క వీధికి వినపడేలా కాదంటాం. మర్యాద వల్ల మనిషి ప్రాణం పోగలదని ఆ పెట్టెలో తెలుసుకున్నాను.

సామర్లకోట

స్టేషన్ నుంచి గుడికి ఆటో వాయువేగంతో పోయింది. అంటే సైకిళ్ళను దాటింది. గాల్లో చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి మాడిన బెల్లం లాంటి వాసన. ఇంకెప్పుడైనా అయితే గాలి పీల్చి భోజనం మానేసేవాణ్ణి.

గుళ్ళో పాట వినబడలేదు. రెండంతస్తుల గర్భాలయం, పైదాకా పెరిగిన లింగం. మెట్లెక్కి వెతికాం, దిగి వెతికాం. పూజారిగారు ప్రసాదం చేతిలో పెడుతూ, "రాజ్యలక్ష్మి గారాండి? ఇప్పుడే వెళ్ళారు. ఇవాళ చాలా బాగా పాడారండి. చరణం దగ్గర ఆగిపోయారనుకోండి" అన్నారు.

హైమ చెయ్యి గాల్లోనే ఆగింది. "ఏ పాటండి?"

"రేవతిలో ఆవిడ సొంతదండి. ప్రతిసారీ అక్కడే ఆగి, ఇంకోలా పాడతారు. మళ్ళీ ఆగి, మరోలా పాడతారు. స్వామికి ఓపిక ఎక్కువండి."

హైమ బయటికొచ్చి చెప్పులేసుకోవడం కూడా మరిచిపోయి ఆటో ఎక్కింది. నేను రెండు జతలూ పట్టుకుని ఆ ఆటో వెనకాల పరిగెత్తిన దృశ్యం సామర్లకోటలో ఇప్పటికీ చెప్పుకుంటూ ఉండాలి.

కాలవ గట్టు

కాకినాడ మీదుగా రామచంద్రపురం బస్సు. రెండు పక్కలా వరిచేలు, ఎంత పచ్చగా అంటే నా తెల్లచొక్కా మీద రంగు అంటింది. ఇంక అరగంటలో చేరతామనగా కాలవ గట్టు మీద బస్సు ఆగింది. ముందు ఒక ట్రాక్టరు పక్కకు ఒరిగి, కొబ్బరికాయలన్నీ రోడ్డు మీద దొర్లుతున్నాయి. లక్ష ఉంటాయి. సరే, ట్రాక్టరంత ఉంటాయి.

మా వైపయితే ఈపాటికి హారన్లు, తిట్లు, తిట్లకు జవాబులు. ఇక్కడ ప్రయాణికులంతా పంచెలెగ్గట్టి దిగి, కాయలు ఏరి పెట్టడం మొదలెట్టారు. ట్రాక్టరు రైతు ప్రతి కాయకూ "చాలండి, మీకెందుకండి శ్రమ" అంటున్నాడు. వీళ్ళు "పర్లేదండి" అంటున్నారు. ఒక్కో కాయకు మూడు అండీలు. ఈ లెక్కన రోడ్డు ఖాళీ అయ్యేసరికి ఆరు కాదు, ఆదివారం దాటుతుంది.

"ఎంతసేపు పడుతుందండి?" అని కండక్టర్ని అడిగాను.

"ఎంతోసేపు కాదండి."

"అంటే?"

"కాస్సేపండి."

హైమ దిగి, మఫ్లరు నడుముకు బిగించి, కాయలు ఏరడం మొదలెట్టింది. ఒక్కో కాయనీ ట్రాక్టరులోకి విసురుతుంటే వచ్చిన చప్పుడుకు కొంగలు లేచిపోయాయి. నేనూ దిగాను. కాయలు ఎత్తడంలో నా ప్రతిభ చూసి ఒక పెద్దాయన, "మీరు అలా కూర్చోండి బాబూ, కాలి మీద పడెయ్యగలరు" అన్నారు. ఆయన ఆ మాట అంటుండగానే పడేసుకున్నాను.

దారి తెరుచుకున్నాక నేను కుంటుతూ, హైమ ఫోను పిడికిట్లో బిగించుకుని కూర్చున్నాం. ఫోన్లో టైము చూడొద్దన్నాను. "చూడట్లేదు" అంది చూస్తూనే.

రామచంద్రపురం

సత్యం గారు వీధరుగు మీదే ఉన్నారు. "ఆయ్, రండి రండి. పొద్దున్నించీ చూస్తున్నామండి."

నేను ఆగలేకపోయాను. "అయ్యా, నిన్న నేను ఫోన్లో చెప్పింది అక్కగారికి చెప్పారా?"

"చెప్పలేదండి. ఎందుకులే, ముందు లోడు రానీ అని."

"ఏం లోడండి?"

"అదేనండి, మెటల్. పెరట్లో గచ్చు వేయించాలి, రెండు లారీల కంకర కావాలని అక్క ఎప్పట్నుంచో అంటోంది. శిష్యురాలు పాపం ఎలా తెలుసుకుందో, అక్క పేరు మీద పంపిస్తోందని సంతోషించానండి. ఆదివారం క్వారీ తీస్తారా అనేదొక్కటే నా అనుమానం."

హైమ గోడకు ఆనుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు, చూసే ధైర్యం లేదు.

లోపలినుంచి రాజ్యలక్ష్మి గారు వచ్చారు. నిలబెడితే ఆవిడ కంటే తంబురాయే ఎత్తు. హైమ వంగి కాళ్ళకు దణ్ణం పెట్టి, పళ్ళు, చీర చేతిలో పెట్టింది. "టీచరుగారండీ, ఒక మాట అడగాలి."

"చెప్పులేవే?"

"మావయ్య దగ్గరున్నాయండి. టీచరుగారూ, ఆ పాట..."

"ముందు అన్నం తినండి. మొహాలు చూడు, వరదల్లో కొట్టుకొచ్చినట్టున్నాయి."

అయిదు దాటింది. అయినా అన్నం అంటే అన్నమే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. ఆ కూర గురించి నేను ఒక గ్రంథం రాయగలను. ఆ రోజు మాత్రం గడ్డి తిన్నా అదే రుచి. హైమ ముద్ద కలిపి ఫోను చూస్తోంది, ఫోను చూసి ముద్ద కలుపుతోంది. "ఇంకాస్త వేసుకో" అంటారు టీచరుగారు. కాదంటే ఇంకో అయిదు నిమిషాలు బతిమాలతారని వేసుకుంటోంది. నేను జీవితంలో మొదటిసారి మారు వడ్డన వద్దన్నాను. మా ఆవిడ ఇప్పటికీ నమ్మడం లేదు.

చేతులు కడుక్కున్నాక ఇయర్‌ఫోన్లు టీచరుగారి చెవుల్లో పెట్టింది హైమ. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. కుడి చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. పల్లవి అయినట్టుంది. అనుపల్లవి అయినట్టుంది. తాళం సాగుతోంది. హైమ ఊపిరి తీసుకోవడం లేదు. నేను కూడా తీసుకోలేదు, మధ్యలో ఒకసారి తీసుకున్నాను.

చరణం వచ్చింది. మాకు ఇయర్‌ఫోన్ల పక్కనుంచి తుమ్మెద గొడవలాంటిదే వినిపిస్తోంది. టీచరుగారి చెయ్యి ఆగిపోయింది.

పాట అయ్యాక కూడా ఆవిడ కళ్ళు తెరవలేదు. తెరిచి, "మళ్ళీ పెట్టు. చరణం" అన్నారు. పెట్టింది. మళ్ళీ విన్నారు.

"ఆ అరుపు నువ్వేనా?"

"నేనేనండి. తప్పాండి?"

"తప్పయితే చెవుల్లోంచి తీసేసుందును. ఈ పాట కట్టినప్పట్నుంచీ ఆ చోట ఏం చెయ్యాలో నాకు తెలీదమ్మా. నీకు నేర్పినప్పుడు కూడా చెప్పాను, ఇంకా ఉడకలేదని. పొద్దున్న గుళ్ళో కూడా ఆగిపోయాను. ఎటెళ్ళినా రాగం ముద్దుగానే ఉంటుంది, అక్కడ ముద్దుగా ఉండకూడదు." ఆవిడ ఆగి, "ఇంకోసారి పాడితే అచ్చం ఇలాగే అరుస్తావా?" అన్నారు.

హైమ అబద్ధం చెప్పొచ్చు. ఎదురుగా ఉన్న గోడ గడియారంలో పెద్ద ముల్లు పైకి ఎగబాకుతోంది.

"లేదండి. ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది."

"మరి రికార్డులో ఎప్పటికీ ఇలాగే ఉంటుందిగా?"

"ఉంటుందండి."

"అయితే వద్దమ్మా."

చూద్దాం అనలేదు, ఆలోచిద్దాం అనలేదు. ఆ జిల్లాలో అడుగుపెట్టాక నేను విన్న మొట్టమొదటి తిన్నని మాట అదే, దానికి అండి కూడా లేదు.

"నువ్వెక్కడైనా పాడు. నీ గిటార్లతో పాడు, వీధిలో పాడు. నా పేరు చెప్పు, చెప్పకపో. అచ్చు వెయ్యకు. ఇప్పుడే కదలడం మొదలెట్టింది అది."

నేను పెద్దవాణ్ణి కాబట్టి ఏదో ఒకటి అనాలి. "అది లేకపోతే ఆల్బమ్ మొత్తం..." అన్నాను. హైమ నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఆమె నడవలోకి వెళ్ళి ఫోను చేసింది. "ఏడు, కిరణ్." అవతల గట్టిగానే ఉంది, మాకూ వినబడింది. ఆల్బమ్ పేరే ఆ పాటది కదా అంటున్నాడు. "పేరుంచు. పాట తీసెయ్." మరి ఎవరైనా అడిగితే ఏం చెప్పాలన్నాడు. "రామచంద్రపురంలో ఉందని చెప్పు."

ఫోను పెట్టేసి, గోడవైపు తిరిగి కాసేపు నిలబడింది. భుజాలు కదిలాయి. టీచరుగారు చూశారు, ఓదార్చడానికి లేవలేదు. తంబురా దింపి, పైనున్న గుడ్డ తొడుగు తీసి, తీగలు సవరించడం మొదలెట్టారు. శ్రుతి కుదిరేసరికి హైమ కళ్ళు తుడుచుకుని వచ్చి ఎదురుగా చాప మీద కూర్చుంది.

"చరణం" అన్నారు టీచరుగారు. తలుపు దగ్గరగా వేశారు.

నేనూ సత్యం గారూ అరుగు మీద కూర్చున్నాం. పొద్దు వాలుతోంది. ముందు రేవతి రాగం సన్నగా వచ్చింది. తర్వాత హైమ గర్జించింది. కొబ్బరిచెట్టు మీద కాకులు ఊరు ఖాళీ చేశాయి. ఎదురింటాయన మొక్కలు తడుపుతున్న గొట్టం వదిలేసి గేటు దాకా వచ్చారు.

"ఏంటండీ సత్యంగారూ అది?"

"పాఠమండి" అన్నారు సత్యం గారు.

లోపల మళ్ళీ నిశ్శబ్దం. అప్పుడు ఇంకో గర్జన వచ్చింది. బొంగురుగా, పీలగా, మధ్యలో దగ్గుతో తెగిపోతూ. అది హైమది కాదు. సత్యం గారు అరుగు మీంచి సగం లేచి, అలాగే ఉండిపోయారు.

తలుపు వెనక నుంచి హైమ గొంతు వినబడింది. "గొంతుతో కాదండి టీచరుగారూ. ఊపిరి పొట్టలోంచి రావాలి."

"ఏదీ, నువ్వోసారి చూపించు" అన్నారు టీచరుగారు.